తాడున్నదా బిడ్డా

ఒట్లు పెట్టడం నాకు చేతకాదు. పెట్టినా మీరు నమ్మాలని లేదు. కానీ ఒక్క మాట ముందే చెబుతాను. ఆ రాత్రి నాకు జ్వరం లేదు. నేను నిద్రలో లేను. నా పక్కన మా ఆయన ఉన్నాడు... ఆయన కూడా విన్నాడు. ఆయన విన్నదీ నేను విన్నదీ ఒకటి కాదు. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఇది మన మహబూబ్‌నగర్‌లో జరిగింది కాదు. ఆఫ్రికాకు పై కొసన ట్యునీషియా అని ఒక దేశం ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. ఊరి పేరు మాత్రం చెప్పను. మేము దిగిన ఇంటి పెద్దమ్మ ఇప్పటికీ ఆ గదులు కిరాయికి ఇచ్చుకునే బతుకుతోంది. ఆమె పొట్ట కొట్టడం నాకు ఇష్టం లేదు.

నేను గురుకులంలో పీఈటీ టీచర్‌ని. ఆడపిల్లల హాస్టల్ మాది. వారానికి రెండు రాత్రులు డ్యూటీ, పన్నెండేళ్ళుగా. రాత్రిపూట ఏడుపు వినిపిస్తే అది కడుపునొప్పి ఏడుపో, ఇల్లు గుర్తొచ్చిన ఏడుపో, తెల్లారి పరీక్ష ఎగ్గొట్టడానికి ఏడ్చే దొంగ ఏడుపో... తలుపు తీయకముందే చెప్పేస్తాను. చీకటికి భయపడితే నడిచే ఉద్యోగం కాదు నాది.

మా ఆయన పేరు నర్సింహ. కరెంటు పని. సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు ఒకటి అక్కడ కడుతుంటే ఫోర్‌మన్‌గా వెళ్ళాడు. రెండేళ్ళే అన్నాడు. కరోనాకు ముందటి ఏడు, దసరా సెలవులకు నాకు టికెట్ పంపాడు. మా బిడ్డను రామన్నపేటలో మా అమ్మ దగ్గర వదిలిపెట్టి వెళ్ళాను. వాళ్ళ క్యాంపులో ఆడవాళ్ళను ఉండనివ్వరట. అందుకని నాలుగు రోజులు సెలవు పెట్టి ఆ ఊళ్ళో గది తీసుకున్నాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మేమిద్దరమే కలిసి ఒక ఊరికి పోవడం అదే మొదటిసారి.

మొదటి రెండు రోజులు ఎంత బాగున్నాయో చెప్పలేను. తెల్ల గోడలు, నీలం తలుపులు. సందులన్నీ తిరిగి తిరిగి సముద్రం దగ్గరే తేలేవి. యాత్రికులు వచ్చే కాలం అయిపోయింది, ఊరు ఖాళీగా ఉంది. చేపల బజారులో మనుషుల కన్నా పిల్లులే ఎక్కువ. పల్చటి రొట్టెలో పచ్చి గుడ్డు కొట్టి మడిచి నూనెలో వేసేవాళ్ళు, కొరికితే సొన గడ్డం మీదుగా కారేది. వాళ్ళ ఎర్ర మిరప ముద్ద మన కారానికి ఏమీ తీసిపోదు. నేను మోకాళ్ళ దాకా నీళ్ళల్లో దిగి నిలబడితే మా ఆయన ఒడ్డున నా చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు. మా ఊళ్ళో ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్ళోనని ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటావిడను మా ఆయన "ఖాల్తీ" అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో పెద్దమ్మ, పిన్ని అన్నట్టు. ఆమె పై అంతస్తులో ఉండేది. కింద మా గది. గది ముందు నాలుగు గోడల మధ్య చిన్న వాకిలి, పైన ఆకాశం. ఆ వాకిలి కింద వాననీళ్ళ తొట్టి ఉంది. తొట్టి అంటే చిన్నది అనుకోకండి... నేల కింద ఒక గది అంత. మిద్దె మీద పడిన వాన అంతా గొట్టంలోంచి అందులోకి దిగుతుంది. పైకి మాత్రం ఒక గుండ్రటి నోరు కనిపిస్తుంది, ఒక మనిషి ఇరుకుగా దిగేంత, చుట్టూ జానెడు గట్టు. దాని మీద చెక్క మూత. మూత మీద పెద్ద మల్లె కుండీ. పక్కన మేకుకు తాడు, బకెట్. బట్టలు ఉతుక్కోవాలంటే అందులో నీళ్ళే తోడుకోమని ఖాల్తీ మొదటి రోజే సైగలతో చూపించింది.

మూడో రోజు పొద్దున్నుంచీ గాలి మొదలైంది. సాయంత్రానికి సముద్రం గోడలకు కొడుతున్న చప్పుడు గదిలోకి వచ్చింది. అన్నం తింటూ మా ఆయన మెల్లగా చెప్పాడు... కంపెనీ వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారనీ, తాను సరే అన్నాడనీ, వెళ్ళగానే సంతకం పెట్టాలనీ. నేను చెయ్యి కడుక్కున్నాను. బిడ్డ నీ మొహం మర్చిపోతోంది అన్నాను. ఆయన బిడ్డ కోసమే కదా అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఏవేవో అన్నాం. చివరికి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రాత్రి ఎప్పుడో కరెంటు పోయింది. నాకు నిద్ర లేదు. వాకిట్లో ఆరేసిన బట్టలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. అవి గోడ దాటి ఎగిరిపోతాయేమోనని లేచాను. ఫోను చేతిలోకి తీసుకోలేదు. నాలుగడుగుల వాకిలే కదా.

తీగ మీంచి చీర లాగాను. మా ఆయన చొక్కా లాగాను. గాలి ఒక్కసారి ఆగింది... అలా ఆగుతుంది చూడండి, ఎవరో తలుపు వేసినట్టు. అప్పుడు విన్నాను.

నీళ్ళు కదిలిన చప్పుడు.

కాళ్ళ కింద.

మళ్ళీ... తొట్లో ఎవరో చేత్తో నీళ్ళు మెల్లగా తోస్తున్నట్టు. తర్వాత దగ్గు. చిన్న దగ్గు, గొంతులో నీళ్ళు పోతే వచ్చేది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. మూత కింద నుంచి.

"ఎవలున్నరు?"

నేను "నేనే" అన్నాను.

అలవాటు. హాస్టల్‌లో రాత్రి బాత్‌రూమ్ దగ్గర పిల్లలు భయపడి అడుగుతారు, నేను "నేనే" అంటాను. నోరు దానంతట అదే అనేసింది. తర్వాత,

"తాడున్నదా బిడ్డా?"

ఉంది అనబోయాను. మేకు వైపు చెయ్యి కూడా పోయింది... అప్పుడు ఆగాను. అప్పుడు... అప్పుడు నాకు తట్టింది, నేను ఏ దేశంలో ఉన్నానో. మూడు రోజులుగా మా ఆయన నోట్లోంచి తప్ప తెలుగు ముక్క వినలేదు. ఇది తెలుగు. తెలుగు కూడా కాదు... మా అమ్మగారి నల్గొండ దిక్కు మాట. ఆ "ఎవలు"... ఆ "బిడ్డా"లో చివర చిన్న సాగదీత... మా వాడకట్టులో ముసలమ్మలు అలాగే పిలుస్తారు.

చేతిలో బట్టలు ఎప్పుడు పడేశానో గుర్తులేదు.

ఎవరు నువ్వు అని అడిగాను.

"కాళ్లు అందుతలేవు. సలి పెడుతాంది. జర జల్ది."

అరవలేదు. ఏడవలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. అటక మీద గిన్నె అందుకోమని అడిగినంత మామూలుగా అడిగింది. దొంగ ఏడుపు పన్నెండేళ్ళు విన్నదాన్ని నేను. అందులో దొంగతనం లేదు.

పరుగెత్తి మా ఆయనను లేపాను. తొట్లో ఎవరో పడ్డారు, తెలుగులో మాట్లాడుతున్నారు అన్నాను. కల వచ్చిందేమో పడుకో అన్నాడు. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆయన ఫోను లైటు వేశాడు. ఇద్దరం మూత దగ్గర కూర్చున్నాం. గాలి మళ్ళీ మొదలైంది. ఏమీ వినబడదు... ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, సాయంత్రం గొడవ వల్ల ఇదంతా అనుకుంటున్నాడు.

అప్పుడు ఆయన మొహం మారింది. నాకు వినపడే లోపలే ఆయనకు వినపడింది. కుండీ అంచు పట్టుకున్నాడు, నేనూ పట్టుకున్నాను, ఇద్దరం పక్కకు జరిపాం. మూత లేపాం. చల్లటి గాలి పైకి వచ్చింది. పాత సున్నం వాసన.

"ఆగు తాతా, వస్తున్న," అన్నాడు మా ఆయన లోపలికి వంగి.

నేను ఆయన భుజం పట్టుకున్నాను.

"తాత ఏంది? ఆడమనిషి గద."

ఆయన తల తిప్పి చూశాడు. "ఆడమనిషి ఏడున్నదే? ముసలాయన. గిప్పుడే గద తాడెయ్యమన్నడు."

కింద నీళ్ళు మళ్ళీ కదిలాయి.

ఆయన లైటు లోపలికి పట్టాడు. చాలా కింద గుండ్రంగా నీళ్ళు... నల్లగా, అద్దం లాగా. చిన్న అల కూడా లేదు. నోరు ఇరుకు కాబట్టి మూలలు కనపడవు. మూలకు ఎవరైనా గోడ పట్టుకుని ఉంటే మనకు కనపడరు. ఆయన అదే అన్నాడు. అని, వెలుగు లోపలికి పడేట్టు ఫోను గట్టు మీద పెట్టి తాడు అందుకున్నాడు. బకెట్ వదిలాడు. బకెట్ నీళ్ళను తాకిన చప్పుడు విన్నాను. లైటు వెలుగులో అది ఒక చుట్టు తిరిగింది. తర్వాత మెల్లగా... మెల్లగా మూలవైపు పోయింది. కనపడకుండా పోయింది.

తాడు బిగిసింది.

మా ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. "పట్టుకున్నడు," అన్నాడు. మొహంలో సంతోషం. లాగాడు. తాడు రాలేదు. కాలు గట్టుకు తన్ని పెట్టి లాగాడు. నేను కూడా వెనక నుంచి తాడు పట్టుకున్నాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. స్కూల్లో తాడు లాగే పోటీలు నేనే పెట్టిస్తాను. తాడు మీద చెయ్యి వేస్తే అవతల ఎంతమంది ఉన్నారో, ఎవరు అలిసిపోయారో తెలుస్తుంది. మనిషి పట్టుకున్న తాడు వణుకుతుంది. పట్టు మారుతుంది, ఊపిరి పీల్చినప్పుడు ఒకలాగ, వదిలినప్పుడు ఒకలాగ. ప్రాణం ఉన్న చెయ్యి కుదురుగా ఉండదు.

ఆ తాడు వణకలేదు.

బరువు మాత్రం ఉంది. బండరాయి కట్టినట్టు కుదురైన బరువు. అది... పెరుగుతోంది. కుదుపు లేదు, లాగుడు లేదు. కొద్దికొద్దిగా, కొద్దికొద్దిగా. మా ఆయన మోకాళ్ళు గట్టు దాకా జారాయి. తాడు ఆయన అరచేతుల్లోంచి వేలెడు వేలెడు దిగిపోతోంది. ఆయన వదలడం లేదు. నేను తాడు వదిలేసి ఆయన నడుము పట్టుకున్నాను.

"ఇడువు," అన్నాను.

"మనిషుంటే?"

"ఇడువయ్యా, అది మనిషి కాదు."

"మనిషుంటే ఎట్లనే?"

ఆయన తల అప్పటికే నోరు మీదికి వంగిపోయింది. నేను ముందుకు వచ్చి ఆయన వేళ్ళు విడదీశాను. ఒక్కొక్కటే. చిటికెన వేలు... ఉంగరపు వేలు... ఆయన నన్ను తిట్టాడు, పద్నాలుగేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు. నడిమి వేలు తీయగానే తాడు సర్రున జారింది. కొస కూడా లోపలికి పోయింది.

కింద చప్పుడు కోసం చూశాం. ఏదైనా పడ్డ చప్పుడు, ఎవరైనా అరిచిన చప్పుడు.

ఏమీ లేదు.

ఆయన అరచేతులు చూసుకున్నాడు. రెండూ ఒలిచినట్టు అయ్యాయి. నావైపు చూడకుండానే లేచి ఖాల్తీని లేపడానికి మెట్లు ఎక్కాడు. నేను మూత వేశాను. దాని మీద కూర్చున్నాను.

ఖాల్తీ దీపం పట్టుకుని దిగింది. మా ఆయన తనకు వచ్చిన అరబ్బీ ముక్కల్లో ఆమెకు చెబుతూ, ఆమె అన్నది నాకు తెలుగులో చెబుతున్నాడు. ఆమె వింటూ కుండీ వైపు చూసింది. దీన్ని ఎవరు జరిపారు అని అడిగింది. మేమే అన్నాడు. మీరు వచ్చేసరికి మూత మీదే ఉందా అని మళ్ళీ అడిగింది. ఉంది అన్నాడు... అంటూనే ఆగిపోయాడు. నాకు కూడా అప్పుడే తట్టింది. కుండీ మీద ఉంటే... మూత వేసి ఉంటే... మనిషి లోపల ఎలా పడతాడు?

ఆమె ఇంకొక్కటే అడిగింది. ఆ మనిషి ఏ భాషలో మాట్లాడాడు అని. మా భాషలో అని చెప్పాడు మా ఆయన. ఆమె తల ఊపింది. ఆశ్చర్యపడినట్టు లేదు, ఆశ్చర్యపడనట్టూ లేదు. మమ్మల్ని పైకి తీసుకుపోయి తన గదిలో పడుకోబెట్టి, తెల్లవారే నమాజు పిలుపు వచ్చేదాకా తలుపు దగ్గర జపమాల తిప్పుతూ కూర్చుంది.

పొద్దున పక్కింటి మనిషి నిచ్చెన తెచ్చాడు. చేపలు పట్టేవాడు, ధైర్యవంతుడు. తొట్లోకి దిగాడు. నీళ్ళు ఆయన నడుము దాకా వచ్చాయి. నడుము దాకే. నలుమూలలా తిరిగాడు. బకెట్ తేలుతోంది, తాడు దాని చుట్టూ చుట్టుకుని ఉంది. ఇంకేమీ లేదు. ఒక గోడకు పాత పగులు ఉందనీ, అది సముద్రం బండల దాకా పోతుందనీ, గాలి రాత్రుల్లో తొట్టి మూలుగుతుందనీ, బకెట్ ఆ పగులులో ఇరుక్కుని ఉంటుందనీ చెప్పాడు. గాలి మా భాష మాట్లాడుతుందా అని మా ఆయన అడిగాడు. ఆ చేపలాయన నవ్వాడు. తర్వాత మా ఆయన చేతులు చూసి నవ్వడం ఆపేశాడు.

మా ఆయన ఊరుకోలేదు. చేతులకు గుడ్డలు కట్టుకుని పడవల రేవుకు పోయాడు. రాత్రి ఎవరైనా తప్పిపోయారా అని అడిగాడు. ఎవరూ లేరన్నారు. ఆ ఊళ్ళో హిందుస్తానీ మనిషిని చూసి ఏళ్ళయిందన్నారు. ప్లాంటులో ఆయన కాక తెలుగువాళ్ళు ముగ్గురే. ముగ్గురూ ఆ రాత్రి క్యాంపులోనే ఉన్నారు.

నాలుగో రోజు ఉండలేదు. ఖాల్తీ వీధి చివరి దాకా వచ్చి నా బుగ్గలు రెండూ ముద్దు పెట్టుకుంది. ఏదో అడగాలని నాకు ఉంది. భాష లేదు.

ఆయన సంతకం పెట్టలేదు. ఆరు నెలల్లో ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. నాకు కావలసింది అదే... కానీ ఇలా కాదు. ఎప్పుడన్నా ఆ మాట వస్తే నేను కుండీ సంగతి ఎత్తుతాను. నడుము లోతు నీళ్ళల్లో కాళ్ళు అందకపోవడం ఏమిటి అంటాను. ఆయన అంతా వింటాడు. విని, ఎప్పుడూ ఒకటే అంటాడు.

"గవన్ని నాకు తెల్వదు. బరువు నా చేతుల మీద ఉండె. ముసలాయన బరువు."

ఇంకొకటి ఉంది. ఇది ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆయన ఖాల్తీ కోసం పైకి పోయాక నేను మూత మీద కూర్చున్నానని చెప్పాను కదా. చీకటి. ఫోను కూడా ఆయన చేతిలోనే పోయింది. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాను. అప్పుడు నా కింద నుంచి... చాలా దగ్గర నుంచి, చెక్కకు అవతల అంతే... అదే గొంతు వచ్చింది. కోపం లేదు. అంతకు ముందు లాగే మామూలుగా.

"ఆయినె చేతులకు దెబ్బ తాకిందా బిడ్డా?"

తాకింది అన్నాను.

"అయ్యో," అన్నది.

అంతే. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. పైన ఖాల్తీ తలుపు తీసిన చప్పుడు, మెట్ల మీద దీపం వెలుతురు. నేను మూత మీద నుంచి లేచాను. కానీ తీయలేదు.

మనల్ని లోపలికి లాగాలని చూసేది ఏదైనా అలా అడుగుతుందా? మీరే చెప్పండి. నాకు తెలియదు. ఎన్ని రాత్రులు ఆలోచించినా నాకు తెలియలేదు.